మానేద్దామన్న ఆలోచనకి ఒక తేదీ ఉంటుంది

ముందు మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటాను. మీరు తొమ్మిదేళ్లుగా ప్రైవేటులో ఉన్నారు, మీ అన్నయ్యది ప్రభుత్వ ఉద్యోగం. ఆయనకి భద్రత ఉంది, మీకు జీతం బాగుంది. అయినా ఇద్దరూ కలిసినప్పుడల్లా మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తోంది: మానేస్తే ఎలా ఉంటుంది? తనకి లేనిదాని కోసం ఆయనా, మీకు లేనిదాని కోసం మీరూ బాధపడుతున్నారంటే అర్థముంది, కానీ అలా కూడా లేదు, ఇద్దరూ చెప్పుకునే కష్టాలు సగానికి సగం ఒకేలా ఉన్నాయి, ఇదేమిటి అని మీ ప్రశ్న.

నేను రెండు వైపులా చూసినవాణ్ని. పదకొండేళ్లు ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగుల సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీల ఫైళ్లు చూశాను. తర్వాత బయటికొచ్చి (అవును, నేనూ మానేసినవాణ్నే) పదమూడేళ్లుగా ప్రైవేటులో హెచ్‌ఆర్ పని చేస్తున్నాను. రాజీనామా ఉత్తరాలు వందల్లో చదివుంటాను. దాదాపు అన్నింట్లోనూ "వ్యక్తిగత కారణాల వల్ల" అనే ఉంటుంది. అది కారణం కాదండీ, మర్యాద.

వెళ్లేవాడు నిజం ఎందుకు చెప్తాడు చెప్పండి. రిలీవింగ్ లెటర్ రావాలి, రావాల్సిన డబ్బులు రావాలి, రేపు కొత్తచోటివాళ్లు ఫోన్ చేసి వాకబు చేస్తే ఇక్కడివాళ్లు నాలుగు మంచి మాటలు చెప్పాలి. కాబట్టి ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఫారం ఇవ్వగానే "మెరుగైన అవకాశం" దగ్గర టిక్కు పెట్టి సంతకం చేసి పోతాడు. మేం ఆ ఫారాలన్నీ పోగేసి ఏడాది చివర చార్టు వేస్తే, పైవాళ్లు చూసి "చెప్పానా, అందరూ జీతం కోసమే పోతున్నారు" అంటారు. అలాంటి చార్టులు నేనూ చాలా వేశాను, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒకావిడ అలాగే టిక్కు పెట్టేసి, ఐడీ కార్డు బల్ల మీద పెట్టి, తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఫారంలో రాయలేదు గానీ సార్, అసలు సంగతి పన్నెండో స్లైడు" అంది. నాకు అర్థం కాలేదు. కూర్చోమన్నాను. మూడు నెలలు కష్టపడి ఆవిడ తయారుచేసిన లెక్కలు ఒక ప్రజెంటేషన్‌లో పన్నెండో స్లైడుగా వచ్చాయట. కింద పేరు మాత్రం మేనేజర్‌ది. అడిగితే "అంతా టీమ్ వర్కే కదా" అన్నాడట, నవ్వుతూ. ఇది జరిగింది ఆవిడ రాజీనామాకి పద్నాలుగు నెలల ముందు. మధ్యలో జీతం రెండుసార్లు పెరిగింది, ఒక ప్రమోషన్ కూడా వచ్చింది. కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్లి తన బయోడేటా ఫైలు తెరిచానని, అప్పట్నుంచి అది మూయలేదని చెప్పింది. మా రికార్డులో ఆవిడ మానేసిన తేదీ ఒకటి, అసలు మానేసిన తేదీ ఇంకొకటి. మధ్యలో ఉన్న పద్నాలుగు నెలలూ మేం ఆవిడని "సంతృప్తిగా ఉన్న ఉద్యోగి" కింద లెక్కేసుకున్నాం.

దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. థామస్ లీ, టెరెన్స్ మిచెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లోనే ఈ మాట చెప్పారు. అప్పటిదాకా అందరూ అనుకున్నదేమంటే, అసంతృప్తి కొంచెం కొంచెంగా పేరుకుని, మనిషి వేరే ఉద్యోగాలు వెతికి, పోల్చిచూసుకుని వెళ్లిపోతాడని. వీళ్లన్నది, కొందరు అలాగే పోతారు గానీ చాలామంది విషయంలో ఒక షాక్ ఉంటుంది, ఏదో ఒక సంఘటన మనిషిని ఆపి "నేనిక్కడ ఎందుకున్నాను?" అని అడిగిస్తుంది అని. ఆ షాక్ చెడ్డదే కానక్కర్లేదు, ఆఫీసులోనే జరగనక్కర్లేదు. బిడ్డ పుట్టొచ్చు, భార్యకో భర్తకో వేరే ఊళ్లో ఉద్యోగం రావొచ్చు, అడక్కుండానే ఎవరో ఫోన్ చేసి ఆఫర్ ఇవ్వొచ్చు, తోటివాడు నలభై రెండేళ్లకే గుండెపోటుతో పోవచ్చు. అందుకే పని బాగానే ఉందన్నవాళ్లు కూడా ఉన్నట్టుండి వెళ్లిపోతుంటారు, రోజూ తిట్టుకునేవాళ్లు ఇరవయ్యేళ్లు అక్కడే ఉంటారు.

ఇక ప్రభుత్వం, ప్రైవేటు దగ్గరికి వద్దాం. నా ఉద్దేశంలో మానాలన్న ఆలోచన పుట్టే చోటు రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఆ ఆలోచన పుట్టాక ఏమవుతుందన్న దగ్గర ఉంది. జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ అనే పరిశోధకులు 1958లో దీన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టారు: మానాలనిపిస్తోందా, మానడం తేలికా. రెండూ వేరు. మీ అన్నయ్యకి మొదటిదానికి జవాబు అవును, రెండోదానికి కాదు. మీకు రెండోదానికి జవాబు ఎప్పుడూ అవునే, కాబట్టి మొదటిది కాస్త కదిలినా చాలు, కాలు బయటికి పడుతుంది.

ప్రభుత్వంలో మనిషిని విసిగించేది పని ఎక్కువై కాదు (కొన్ని శాఖల్లో అదీ ఉంది, ఆసుపత్రి, పోలీసు, బడి, వీటిలో ఉన్నవాళ్లని అడగండి). ఎక్కువగా విసిగించేది పని చేసినా చేయకపోయినా ఒకటే కావడం. చేసేవాడికే ఇంకో ఫైలు వస్తుంది, చేయనివాడి దగ్గరికి ఎవరూ పోరు కాబట్టి వాడి బల్ల శుభ్రంగా ఉంటుంది, పదేళ్లయ్యాక సీనియారిటీ జాబితాలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి, ఒక్కోసారి వాడిదే పైన ఉంటుంది. రెండోది, బాధ్యత నీదే గానీ అధికారం నీది కాదు. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఎదురుగా ఉన్నది నువ్వు, తిట్లు తినేది నువ్వు, రూలు రాసింది మాత్రం నువ్వెన్నడూ చూడని ఎవరో. తప్పు జరిగితే సంజాయిషీ నీది. మంచి జరిగితే అది పథకం గొప్పతనం. మూడోది బదిలీ. కష్టపడి ఒక పని గాడిలో పెట్టి, ఫలితం చూడబోయే ముందు ఆర్డర్ వస్తుంది, వెనక వచ్చినవాడు మళ్లీ మొదటికి తెస్తాడు.

ఇందులో ఎక్కువ దెబ్బ తినేది మంచివాళ్లు. జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ అనే పరిశోధకులు 1990లో ఒక విషయం రాశారు, జనానికి ఉపయోగపడాలన్న కోరిక ఎంత ఎక్కువుంటే మనిషి ప్రభుత్వ సేవ వైపు అంత ఎక్కువగా మొగ్గుతాడని. ఉద్యోగం ఉంటే చాలనుకుని వచ్చినవాడికి పైవేవీ పెద్దగా తగలవు. ఏదో చేద్దామని వచ్చినవాడికి తగిలినంత ఇంకెవరికీ తగలవు. మీ అన్నయ్య ఏ రకమో మీకే తెలియాలి. రోజూ ఆఫీసు గురించి అంత బాధగా మాట్లాడుతున్నాడంటే రెండో రకమే అనుకుంటాను.

మరి మానడెందుకు? మా శాఖలో ఒకాయన ఉండేవాడు. ఆయన బల్ల సొరుగులో, అడుగున పరిచిన పాత కాగితం కింద, టైపు చేసిన రాజీనామా ఉండేది. సంతకం ఉంది, తేదీ చోటు ఖాళీ. ఎక్కడికి బదిలీ అయినా ఆ కాగితం కూడా వెంట వచ్చేది, మూడుసార్లు మళ్లీ టైపు చేయించాడు, ఎందుకంటే శాఖ అధిపతి హోదా పేరు మారింది, పాత పేరుతో ఇస్తే చెల్లదని. ఇది నాతో నవ్వుతూనే చెప్పాడు. చివరికి పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యాడు. ఆ కాగితం ఇవ్వలేదు గానీ, అది సొరుగులో ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్లు చేశానన్నాడు. అప్పట్లో నాకు హాస్యంగా అనిపించింది. ఇప్పుడలా అనిపించడం లేదు. హోవార్డ్ బెకర్ అనే సామాజికవేత్త 1960లో చెప్పిన సంగతి ఇదే: ఒకచోట ఉండేకొద్దీ మనం తెలియకుండానే పక్క పందేలు కాస్తుంటాం, అంటే అక్కణ్నుంచి కదిలితే పోగొట్టుకునేవి పోగేసుకుంటుంటాం. పెన్షన్, సర్వీసు, క్వార్టర్, పిల్లల బడి, చుట్టూ ఉన్న గౌరవం. ప్రతి ఏడాదీ ఒక ముడి పడుతుంది, పదిహేనో ఏట విప్పుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అందుకని మనిషి కుర్చీలోనే ఉంటాడు, మనసు మాత్రం ఎప్పుడో రిలీవ్ అయిపోయి ఉంటుంది. ఉద్యోగులు మానడం లేదు కదా అని సంబరపడే శాఖలు లెక్క చూసుకోవాల్సింది దీన్నే. నన్నడిగితే రాజీనామా కన్నా ఇదే ఎక్కువ ఖర్చు.

ప్రైవేటులో ఈ ముడులు తక్కువ, భయం ఎక్కువ. భయం మనిషిని కట్టిపడేస్తుందనుకుంటారు గానీ నేను చూసింది ఉల్టా. ఎప్పుడు తీసేస్తారో తెలియనివాడు ముందుగానే వెతుక్కుంటాడు. ఒక టీమ్‌లో పదిమందిని తీసేస్తే మిగిలినవాళ్లు "హమ్మయ్య" అనుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోరు, ఆ రాత్రే ప్రొఫైల్ అప్‌డేట్ చేస్తారు, ముందుగా పోయేది బయట గిరాకీ ఉన్నవాళ్లు, అంటే కంపెనీ అట్టిపెట్టుకుందామనుకున్నవాళ్లే. పైగా పోయినవాడి పని మిగిలినవాళ్ల మీద పడుతుంది, కొత్తవాణ్ని తీసుకోవడం "వచ్చే క్వార్టర్‌లో చూద్దాం" అవుతుంది, రెండో మనిషి పోతాడు, ఇక మూడోవాడు ఆగడు. చాలా రాజీనామాల వెనక ఉన్నది చెడ్డ బాస్ కూడా కాదు, ఇలా భర్తీ కాని ఒక ఖాళీ.

పని ఒత్తిడి గురించి ఒక ముక్క చెప్పాలి. ఒత్తిడి ఒక్కటే మనుషుల్ని తరమదు. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో చూపించింది, పని భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నచోటే మనిషి నలిగిపోతాడని. అంతే భారం ఉన్నా స్వేచ్ఛ ఉంటే అదే పని ఉత్సాహాన్నిస్తుంది. మీరు ప్రైవేటులో రాత్రి పదికి కూడా టార్గెట్ కాల్‌లో ఉండి, మీ అన్నయ్య సాయంత్రం అయిదున్నరకే ఇంటికొచ్చి, ఇద్దరూ ఒకేలా అలిసిపోయి కనిపించడంలో వింత లేదు. ఇద్దరి పగ్గాలూ ఇంకొకరి చేతిలోనే ఉన్నాయి.

ఇక జీతం. "జీతం కోసం ఎవరూ మానరు" అని సెమినార్లలో చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మానరు, మానతారు. 1913లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో ఏడాదికి ఉద్యోగుల వలస 370 శాతం. అంటే వంద మంది పని నడవాలంటే ఏడాదిలో దాదాపు మూడువందల డెబ్భై మందిని తీసుకోవాలి. అదే ఏడాది అసెంబ్లీ లైన్ కదలడం మొదలైంది, పొద్దస్తమానం ఒకే బోల్టు బిగించే పని, జనం నిలబడలేక పారిపోయారు. 1914 జనవరిలో కంపెనీ కూలిని ఇంచుమించు రెట్టింపు చేసి రోజుకి 5 డాలర్లు ఇస్తామంది, పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించింది. ఆ ఏడాది వలస 54 శాతానికి, మరుసటేడు 1915లో 16 శాతానికి పడిపోయింది. బోల్టు అదే, లైనూ అదే. డబ్బు పనిచేసింది. అయితే ఆ 5 డాలర్లూ ఊరికే రాలేదు, ఇంటికొచ్చి మనిషి తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటున్నాడా అని విచారించే మనుషుల్ని కూడా పెట్టారు. డబ్బుతో మనిషిని ఆపొచ్చు, ఆ ఆపడానికి వేరే వెల ఉంటుంది.

ఇక్కడే ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లో చెప్పింది పనికొస్తుంది. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల రెండువందల మంది ఇంజనీర్లని, అకౌంటెంట్లని కూర్చోబెట్టి, పని బాగా నచ్చిన రోజు గురించీ అసలు నచ్చని రోజు గురించీ చెప్పమన్నారు. చెడ్డ రోజుల్లో వినిపించినవి పాలసీ, పైఅధికారి, జీతం, పని వాతావరణం. మంచి రోజుల్లో వినిపించినవి సాధించిన పని, దక్కిన గుర్తింపు, పనిలో ఉన్న రుచి. రెండూ ఒకే త్రాసులో రెండు పళ్లేలు కావు, రెండు వేర్వేరు త్రాసులు అన్నారాయన. నాకు ఈ మాట మీద కొంచెం అనుమానం ఉంది. మంచి జరిగితే నా ప్రతిభ, చెడు జరిగితే కంపెనీ తప్పు అనడం మనిషి నైజం కదా, అడిగిన తీరులోనే ఆ జవాబు ఉంది. అయినా ఆఫీసులో రోజూ చూసేదానికి ఇది సరిపోతుంది: జీతం పెంచితే తిట్టుకోవడం ఆగుతుంది, పని మీద ప్రేమ పుట్టదు.

జీతంలో కూడా అంకె కన్నా పోలిక ఎక్కువ బాధిస్తుంది. మూడేళ్లుగా నమ్మకంగా ఉన్నవాడికి తెలిసేది ఏమిటంటే, మొన్న చేరినవాడు, తనే పని నేర్పినవాడు, తనకన్నా ఎక్కువ తీసుకుంటున్నాడని. ఆ రోజు వరకు తన జీతం బాగానే ఉంది. అంకె మారలేదు, జీతం మాత్రం ఆ రోజుతో తక్కువైపోయింది. ఇదీ ఒక షాకే, ప్రైవేటులో నేను చూసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. రాజీనామా ఇచ్చాక, ఆగితే జీతం పెంచుతామని కౌంటర్ ఆఫర్ ఇస్తారు చూశారా, దాంతో ఆగినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకి మళ్లీ నా గదికి వచ్చారు. "ఇంత ఇవ్వగలిగినవాళ్లు, నేను పోతానంటేనే ఇచ్చారా?" అన్న ప్రశ్న ఆ డబ్బుతో పాటే ఇంటికొస్తుంది మరి.

ఇప్పుడు మీ ఇద్దరి సంగతి.

మానాలన్న కోరికలో నాలుగు రకాలు కలిసిపోయి ఉంటాయి: ఈ మనుషుల నుంచి పోవాలి, ఈ సంస్థ నుంచి పోవాలి, ఈ వృత్తి నుంచి పోవాలి, అసలు అలిసిపోయాను. మొదటిదానికి టీమ్ మారితే చాలు, మీ అన్నయ్యకైతే సెక్షన్ మారితే చాలు. రెండోదానికి కంపెనీ మారాలి. మూడోదానికి ఎన్ని కంపెనీలు మారినా అదే బాధ. నాలుగోదాన్ని మాత్రం చాలామంది మొదటి మూడిట్లో ఏదో ఒకటి అనుకుని పొరబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ని జబ్బుగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా చేర్చింది, గుర్తులు మూడు చెప్పింది: ఒంట్లో శక్తంతా పిండేసినట్టుండటం, పని మీద విరక్తి, ఎంత చేసినా చేసినట్టు అనిపించకపోవడం. ఈ మూడూ ఉన్నప్పుడు ఏ ఉద్యోగం చూసినా దాన్నుంచి పారిపోవాలనే ఉంటుంది. ఆ స్థితిలో రాజీనామా ఇచ్చి, కొత్తచోట చేరి, ఆర్నెల్లకి అదే అలసటతో నా ముందు కూర్చున్నవాళ్లు ఉన్నారు.

తేల్చుకోవడానికి నేను చెప్పేది చిన్న పని. కనీసం పది రోజులు ఫోన్ ఎత్తక్కర్లేని సెలవు పెట్టండి, తిరిగి వెళ్లాక మూడో రోజు ఎలా ఉందో చూడండి. మొదటి రోజు అందరికీ బాధగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మూడో రోజుకి పని మీద చేయి పడితే మీకు కావాల్సింది విశ్రాంతి, ఇంకో ఉద్యోగం కాదు. మూడో రోజు కూడా కడుపులో అదే ముద్ద కదిలితే అప్పుడు వెతకండి. వెతికేలోపు ఒక్కసారి, ఒక్కసారే, అడగాల్సింది అడగండి, నోటితో కాదు, మెయిల్‌లో, ఏం మారితే ఉంటారో స్పష్టంగా. ఆ పన్నెండో స్లైడు ఆవిడ ఈ మెయిల్ ఒకటి పంపి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది. పంపినా ఏమీ జరక్కపోవచ్చు. కానీ జవాబు రాకపోవడమూ మీకు ఒక జవాబే అయ్యేది.

ఒకటి మాత్రం చేయకండి, ఇద్దరూ చోట్లు మార్చుకుంటే బాగుపడతామనుకోవడం. నేను మార్చుకున్నాను. టార్గెట్లూ మెయిళ్లూ నాకు సరిపడ్డాయి, ఎందుకంటే నన్ను తినేసింది బదిలీలు. నాతోపాటే బయటికొచ్చిన మిత్రుడికి సరిపడలేదు, ఆయన బాధ పైవాళ్ల పెత్తనం, అది ఇక్కడ రెండింతలు.

ఈసారి కూర్చున్నప్పుడు మీ అన్నయ్యని ఎందుకు మానాలనుకుంటున్నావని అడక్కండి, "మొదటిసారి ఎప్పుడనిపించింది?" అని అడగండి. ఫలానా రోజు, ఫలానా మనిషి, ఫలానా కాగితం అని గబుక్కున చెప్పాడంటే మాట్లాడుకోవడానికి ఒక వస్తువు దొరికినట్టే, దాన్ని సరిచేయొచ్చా లేదా చూడొచ్చు. కాసేపు ఆలోచించి "అలా ఏం లేదురా, ఎప్పట్నుంచో" అన్నాడంటే ముందు ఆయనచేత సెలవు పెట్టించండి. మీరు కూడా అదే ప్రశ్న వేసుకుని, వచ్చిన జవాబు ఇక్కడ రాయండి, అప్పుడు ఇంకాస్త వివరంగా చెప్తాను.